నోరు మూసుకోవడం వచ్చిన వైద్యుడు

ఒకానొక రాజ్యంలో కూచిభట్టు అని ఒక ఆస్థాన వైద్యుడు ఉండేవాడు. ఏ రాజ్యమో అడక్కండి. కొన్ని అడక్కూడదనే ఈ కథ.

"నా పసరు తాగి కూడా బతికారంటే వాళ్ళు గట్టిపిండాలు. అందులో నా గొప్పేం లేదు," అనేవాడు కూచిభట్టు. అయినా జనం ఆయన దగ్గరికే పోయేవాళ్ళు.

రాజు ప్రచండవర్మకి, తనకి తెలియని సంగతంటూ ఉండకూడదని పట్టుదల. సింహాసనం మీద రెండు పట్టుమెత్తలు వేయించుకుని ఎత్తుగా కూర్చునేవాడు. సభలో అందరూ అది రాజసమనుకునేవాళ్ళు.

ఒకరోజు సేనాపతి రణమల్లు వైద్యుడి ఇంటి దొడ్డిగుమ్మంలోంచి బయటికి రావడం వేగులు చూశారు. మర్నాడు నిండుసభలో రాజు అడిగాడు.

"ఏమయ్యా భట్టూ, మా సేనాపతికి ఏం జబ్బు?"

రణమల్లు మొహం పాలిపోయింది. జబ్బుమనిషని పేరొస్తే కత్తి అప్పజెప్పి ఇంటికి పోవాల్సిందే.

"కత్తి పట్టడానికి అడ్డొచ్చే జబ్బయితే ఆయన చేతే తమకి చెప్పించేవాణ్ణి ప్రభూ. అంతకుమించి చెప్పలేను."

"రాజు అడిగినా?"

"నాకు వైద్యం సగమే వచ్చు మహాప్రభూ. నోరు మూసుకోవడం ఒక్కటే పూర్తిగా వచ్చు. అదీ పోతే ఇంక నేనెందుకు?"

రాజుకి ఒళ్ళు మండింది. "చెప్తావా, కొలువు వదిలి ఊరు దాటతావా?"

కూచిభట్టు చేతులు కట్టుకున్నాడు.

"చిత్తం. పిరికివాణ్ణి, చెప్పేస్తాను. కాకపోతే సభలో తాంబూలమైనా పెద్దల నుంచే కదా మొదలెడతాం! రోగాలూ ఆ వరసలోనే చెప్తాను. అందరికంటే ముందు ప్రభువుల వంతు..." అని గొంతు సవరించుకున్నాడు.

"ఆగు!" రాజు దిగ్గున లేచాడు. "అబ్బా!" అంటూ మెల్లిగా ఓ పక్కకి ఒరిగి, మెత్తలు రెండూ సర్దుకుని కూర్చున్నాడు.

ఎవరూ నవ్వలేదు. సభంతా ఒక్కసారే పైకప్పు కేసి చూసింది.

"నేనింకా ఏమీ అననే లేదు ప్రభూ," అన్నాడు కూచిభట్టు దీనంగా.

రాజు మీసాలు అదిరాయి. కోపమేమో అనుకున్నారు. పగలబడి నవ్వాడు.

"నేను ఆపకపోతే నిజంగా చెప్పేవాడివా?"

"లేదు ప్రభూ. నా ధైర్యం గొంతు సవరించుకోవడం వరకే."

రాజు తన జరీశాలువా తీసి ఆయనకి కప్పాడు. రోగి గుట్టు వైద్యుణ్ణి ఎవరూ అడక్కూడదనీ, రాజు కూడా అడగడనీ ఆ సాయంత్రమే ఊళ్ళో దండోరా వేయించాడు. రణమల్లు కత్తి రణమల్లు దగ్గరే ఉండిపోయింది.

తెల్లారేసరికి, ఏళ్ళ తరబడి జబ్బులు దాచుకున్నవాళ్ళందరూ వచ్చి కూచిభట్టు వాకిట్లో నిలబడ్డారు. శాలువా కప్పుకుని తలుపు తీసిన ఆయన, ఆ జనాన్ని చూసి తల పట్టుకున్నాడు.

"చచ్చాను పో! ఇప్పుడు ఆ మిగతా సగం వైద్యం కూడా నేర్చుకోవాలి."