జేజి పేరు మీద చక్కెర

ఫక్రుద్దీన్‌కు ఆడబిడ్డ పుట్టి నెల దాటింది. బిడ్డకు ఇంకా పేరు పెట్టలేదు. పేరు దొరక్క కాదు. ఇంట్లో రెండు పేర్లున్నాయి. రెంటికీ పడదు.

ఒకటి అతను తెచ్చింది. మెహర్ అఫ్రోజ్. పాత ఫారసీ పేరు, సూర్యుడిలా వెలుగునిచ్చేదని అర్థం. రెండోది అతని తల్లి పీరమ్మ పట్టుబట్టింది. వన్నూరమ్మ. అది అతని జేజి, అంటే నాయనమ్మ పేరు. నాయన చిన్నప్పుడే పోతే, దూది ఏకి, పరుపులు కుట్టి, మనవణ్ణి డిగ్రీ దాకా చదివించింది ఆ జేజే. పోయిన ఏడాది కన్నుమూసింది.

"మీ జేజి మళ్లా పుట్టింది రా," అంది పీరమ్మ, బిడ్డను మొదటిసారి ఎత్తుకున్నప్పుడు.

"జేజి పుడితే పుట్టనీ. ఆ పేరు మాత్రం వద్దు."

ఆ రోజు నుంచి పీరమ్మ కొడుకుతో మాట్లాడడం మానేసింది. అన్నం పెడుతుంది. కంచం చప్పుడు చేస్తూ పెడుతుంది.

కొండ మీద దర్గాలో మౌలాలి సాహెబు అనే ముసలి గురువు ఉండేవాడు. ఫక్రుద్దీన్ ఆయన శిష్యుడు. ఊరంతా ఆయన్ను "సామీ" అంటుంది. ఫక్రుద్దీన్ ఒక్కడే "హజ్రత్" అంటాడు. ఆయన రెంటికీ పలుకుతాడు.

ఒక సాయంత్రం ఫక్రుద్దీన్ కొండెక్కి వచ్చాడు. గురువు దీపాలకు వత్తులు చేసుకుంటున్నాడు.

"మా అమ్మకు మీరే చెప్పాలి హజ్రత్. మేం దూదేకులవాళ్లం. అటు సాయిబులు మమ్మల్ని సగం సాయిబులంటారు. ఇటు హిందువులు కూడా సగమే అంటారు. ఆ సగం బతుకు నా బిడ్డకు వద్దు. పేరంటే జెండా. మూలాలు మరిచిన జాతికి రేపనేది లేదు. మనం మూలాల్లోకి తిరిగి వెళ్లాలి."

ఆ మాటలు అతను ఎక్కడో చదివినవే. కోపం మాత్రం సొంతం.

బడిలో అతని పేరు ఫకీరప్ప. ఒక పిల్లవాడికి తన పేరంటే సిగ్గు పుట్టించడానికి పెద్ద కుట్రలు అక్కర్లేదు. హాజరు పిలిచేటప్పుడు ఒక నవ్వు చాలు. నవ్వినవాళ్లు మధ్యాహ్నానికే మరిచిపోతారు. మరిచిపోలేనివాడు కాలేజీలో చేరేనాటికి ఫకీరప్పను చంపేసి ఫక్రుద్దీన్ అయ్యాడు. అతను చెప్పే మూలాలు పుస్తకాల్లో ఉన్నవి. ఇంట్లో పరుపులు కుట్టినవి కావు.

మౌలాలి సాహెబు అంతా విన్నాడు. "మంచి పేరే అప్పా," అన్నాడు. "చెవికి ఇంపుగా ఉండాది. గురువారం అందరూ రాండి. చక్కెర తెచ్చుకోండి."

ఫక్రుద్దీన్ గెలిచినవాడిలా కొండ దిగాడు.

ఆ దర్గాలో ఒక ఆనవాయితీ ఉంది. బిడ్డకు పేరు పెట్టేముందు, ఆ ఇంట్లో పోయిన పెద్దల పేరు మీద చక్కెర చదివిస్తారు. బిడ్డ తండ్రి ఒక్కొక్క పేరూ గట్టిగా చెప్పాలి. గురువు చేతులెత్తి వాళ్ల కోసం ప్రార్థన చేస్తాడు. ఆ పుణ్యం వాళ్లకు చేరుతుందని నమ్మకం. పెద్దలకు చెప్పుకున్న తర్వాతే బిడ్డ చెవిలో పేరు.

గురువారం దర్గా మెట్ల నిండా జనం. ఫక్రుద్దీన్ టౌను నుంచి కాలేజీ స్నేహితులిద్దరిని కూడా పిలుచుకొచ్చాడు. వాళ్లు ఇస్త్రీ చొక్కాలతో ముందు వరసలో కూర్చున్నారు. వెనక పీరమ్మ, ఆమె పక్కన ఒడిలో బిడ్డతో ఫక్రుద్దీన్ భార్య మాబున్ని.

పళ్లెంలో చక్కెర పోశారు. సాంబ్రాణి వేశారు. మౌలాలి సాహెబు చేతులెత్తాడు.

"చెప్పప్పా."

"మా అబ్బ, నాయనకు నాయన, ఖాసిం సాబ్."

"ఊఁ."

"మా నాయన, దస్తగిరి."

"ఊఁ. తర్వాత?"

ఫక్రుద్దీన్ స్నేహితుల వైపు ఒకసారి చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"మా జేజి... నూరున్నిసా బేగం."

గురువు చేతులు గాలిలోనే ఆగాయి.

నెల రోజులుగా కొడుకుతో మాట్లాడని పీరమ్మ ఉండబట్టలేకపోయింది. "ఎవర్రా ఆమె?"

మెట్ల మీద నవ్వులు లేచాయి. "మీ మామ మనకు తెలీకుండా ఇంకో సంసారం పెట్టినాడేమో, కనుక్కో పీరమ్మా!" అన్నారెవరో.

మౌలాలి సాహెబు నవ్వలేదు. చేతులు దించి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. భుజం మీది తువ్వాలు తీసి చక్కెర పళ్లెం మీద కప్పాడు.

"నాకూ ఆమె ఎరుక లేదప్పా. ఎరగని మనిషికి ఎట్ల పంపేది? ఆమె సంగతి కొంచెం చెప్పు."

"మీకు తెలుసు కదా హజ్రత్."

"నాకు తెలిసినామె వేరే. ఈ బేగం సంగతి చెప్పు."

ఫక్రుద్దీన్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా గురువు అడిగాడు, చెప్పక తప్పదు.

"ఆమె దూది ఏకేది," అన్నాడు మెల్లగా. "సాయంత్రానికి కనుబొమ్మలు కూడా తెల్లగా అయిపోయేవి. రెప్పలకు కూడా దూదే. నేను ఊది తీసేవాణ్ణి."

"ఊఁ."

"దగ్గేది బాగా. దగ్గుతూనే నాతో పద్యం అప్పజెప్పించుకునేది. ఆమెకు రాదు, కానీ నేను ఎక్కడ తప్పితే అక్కడ పట్టుకునేది. నా మొహం చూసి పట్టుకునేది."

"ఇంకా?"

"ఒకసారి బడికి వచ్చింది."

"ఎందుకొచ్చె?"

"హాజరు పిలిచేటప్పుడు నా పేరుకు పిల్లలు నవ్వినారు. అయ్యవారు కూడా నవ్వినాడు. ఏడ్చుకుంటూ ఇంటికొచ్చి, ఇంక బడికి పోనన్నా. జేజి ఏకేది ఏకుతున్నట్టే వదిలేసి లేచింది. దూది కొట్టే చెక్క చేతిలోనే ఉండె. తల నిండా దూది. ఆమె వచ్చేది చూసి పిల్లలు దయ్యం దయ్యమని బెంచీల కింద దూరినారు."

జనం నవ్వారు. ఈసారి ఫక్రుద్దీన్‌కు కూడా నవ్వొచ్చింది. అతనికి తెలియకుండానే అతని మాట ఊరి మాట అయిపోయింది.

"అయ్యవారు లేసి నిలబడినాడు. ఎవరమ్మా నువ్వు, అని అడిగినాడు."

అక్కడ అతని నోరు ఆగిపోయింది.

"ఏమనిందప్పా ఆమె?"

సాంబ్రాణి పొగ ఫక్రుద్దీన్ మొహం మీదుగా పోయింది. స్నేహితులు అతన్నే చూస్తున్నారు. అతను వాళ్లను చూడలేదు.

"'నేను వన్నూరమ్మను,' అనింది. 'వీడు నా మనవడు ఫకీరప్ప. ఈ రెండు పేర్లలో దేనికి నవ్వొచ్చిందో చెప్పు సామీ, నేనూ నవ్వుతా,' అనింది."

అది చెప్పేటప్పుడు అతని గొంతులో జేజి గొంతు పలికింది. పీరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మౌలాలి సాహెబు పళ్లెం మీది తువ్వాలు తీశాడు. మళ్లీ చేతులెత్తాడు.

"ఖాసిం సాబ్. దస్తగిరి. వన్నూరమ్మ."

ఎక్కడా ఆగకుండా చివరిదాకా చదివాడు.

తర్వాత మాబున్ని ఒడిలోంచి బిడ్డను తీసుకుని తండ్రి చేతుల్లో పెట్టాడు. "పేరు నువ్వే చెప్పు. ఏం చెప్తావు?"

ఫక్రుద్దీన్ తల్లి వైపు చూశాడు.

"నీ బిడ్డ, నీ ఇష్టం నాయనా," అంది పీరమ్మ కళ్లు తుడుచుకుంటూ. "ఏదన్నా పెట్టుకో. నాకు కావలసింది నేను వినేసినా."

గురువు మాబున్ని వైపు తిరిగాడు. "నువ్వేమంటావు తల్లీ? మోసింది నువ్వు గదా."

"నన్ను ఇప్పుడా సామీ అడిగేది?" అంది మాబున్ని. "ఈయన ఇంట్లో లేనప్పుడు అత్తా నేనూ దాన్ని నెల నుంచీ ఒకే పేరుతో పిలుస్తాండాం. అది ఊ కూడా కొడతాంది."

ఫక్రుద్దీన్ భార్యను చూశాడు, తల్లిని చూశాడు. ఇద్దరూ చెరో వైపు చూస్తున్నారు.

"మరి ఆ ఫారసీ పేరు?" అన్నాడు గురువు.

"అది కూడా మంచి పేరే హజ్రత్. ఇంకో బిడ్డకు పెట్టుకుంటాం."

"పెట్టుకుంటాడంట!" అంది మాబున్ని. "కనేది ఎవరో!"

ముందు వరసలో ఇస్త్రీ చొక్కాలు కూడా నవ్వాయి.

ఫక్రుద్దీన్ వంగి బిడ్డ చెవిలో పేరు చెప్పాడు. బిడ్డ ఆవులించింది.

"నాకు వినపళ్లా," అన్నాడు మౌలాలి సాహెబు.

ఫక్రుద్దీన్ తలెత్తాడు. ఊపిరి నిండా పీల్చుకున్నాడు.

"వన్నూరమ్మా!"

కింది మెట్ల మీద నుంచి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ఒకేసారి "ఓ!" అని పలికారు. ఒకామె లేచి నిలబడి, చేయి కళ్లకు అడ్డం పెట్టుకుని, "ఎవరు నాయనా పిలిచింది?" అని పైకి చూసింది.

మౌలాలి సాహెబు చక్కెర పళ్లెం అతని ముందుకు జరిపాడు.

"పో. ముందు వాళ్లకు పెట్టు."