నలుసు కనబడని కేకు

నీలంవలసలో తమకంటే తెలివైనవాళ్ళు లేరని తాపీమేస్త్రి గవరయ్య ఇంట్లో అందరికీ గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఊరికే వచ్చింది కాదు. ఊళ్ళో మిగతావాళ్ళు చెప్పిన మాట సగం విని, తక్కిన సగం తమకు తోచినట్టు చేసుకుపోతారు. గవరయ్య ఇంట్లో అలా కాదు, చెప్పింది చెప్పినట్టే చేస్తారు. ఒకసారి ఒక ఆసామి నాలుగు గోడలు కట్టమని చెప్పి, తలుపు మాట మరిచిపోయాడు. గవరయ్య, అతని తమ్ముడు ఎర్రయ్య తలుపు లేకుండానే నాలుగు గోడలూ లోపలి నుంచి కట్టేసి, మర్నాడు ఆసామి వచ్చేదాకా లోపలే నిబ్బరంగా కూర్చున్నారు. గోడల్లో ఒక్క వంకర కూడా ఆసామికి దొరకలేదని గవరయ్య ఇప్పటికీ చెప్పుకుంటాడు. అతని భార్య తవిటమ్మ, అప్పుడు గోడ మీదుగా అన్నం క్యారేజీ జారవిడిచిన ఇల్లాలు, అవునవునని తల ఊపుతుంది.

ఇంత తెలివైన గవరయ్యకు ఒకటే దిగులు. చెల్లెలు అసిరమ్మ.

అసిరమ్మ భర్త దాలినాయుడు పట్నంలో బేకరీ పనివాడు. ప్రతి ఏడూ పెళ్ళిరోజుకు తన చేత్తో ఒక కేకు చేసి, అట్టపెట్టెలో పెట్టి, కుదుపులకు చెదరకుండా సైకిలు నడిపించుకుంటూ తెచ్చేవాడు. అతను పోయి పదకొండు నెలలైంది. ఆనాటి నుంచి అసిరమ్మ తీపి ముట్టలేదు. విస్తట్లో బూరె వేస్తే నెమ్మదిగా పక్కకు జరిపేది. పెళ్ళిరోజు మళ్ళీ దగ్గర పడుతుంటే గవరయ్య ఉండబట్టలేక, ఆ రోజు ఒక్క ముక్కయినా తినమని బతిమాలాడు. ఆమె గుమ్మం వైపు చూస్తూ పెదవి విప్పింది.

"ఆయన చేసినట్టు పాలరాయిలాగ నున్నగా ఉండాలన్నయ్యా. ఒక్క నలుసు కనబడకూడదు. అలాంటిదైతే తింటాను."

ఇంకేముంది. ఎంత గరుకు గోడనైనా అద్దంలా తీర్చే చేతులకు ఇదొక పనా అనుకుంటూ గవరయ్య పెళ్ళిరోజు తెల్లారగానే తమ్ముణ్ణి వెంటబెట్టుకుని పట్నం వెళ్ళాడు.

బేకరీలో దాలినాయుడితో ఇరవై ఏళ్ళు కలిసి పనిచేసిన భీమారావు ఉన్నాడు. తనే కేకు చేసి ఇస్తానన్నాడు. గవరయ్య ఒప్పుకోలేదు. బావ చెయ్యి లేదు కనక అన్న చెయ్యే ఉండాలన్నాడు. భీమారావు కళ్ళు తుడుచుకుని, పని మెళకువలు ఒక్కొక్కటీ విడమరిచి చెప్పాడు. కేకు బాగా చల్లారాలి, చల్లారేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఆ తరువాత పైన రాలే పొడిని మెత్తటి బ్రష్షుతో దులపాలి. ముందు క్రీముతో పలచగా ఒక పూత వెయ్యాలి, మిగిలిన నలుసులన్నీ ఆ పూతలో చిక్కుకుంటాయి. అరగంట చల్లటి చోట ఉంచి, అప్పుడు మందంగా రెండో పూత వెయ్యాలి. పూత వేసేటప్పుడు చెయ్యి కదల్చకుండా కేకునే తిప్పాలి. ఇంత చెప్పి, అప్పుడే పొయ్యిలోంచి తీసిన కేకులు మూడు, ఒక పెద్ద డబ్బా నిండా తెల్లటి క్రీము ఇచ్చాడు. ఒక్క కేకు చాలునని గవరయ్య అన్నాడు. భీమారావు వాళ్ళిద్దరి ముఖాలూ ఒకసారి చూసి, ఉండనివ్వమన్నాడు.

ఇంటికి వచ్చి మొదటి కేకును అరుగు మీద పెట్టారు. ఇంకా గోరువెచ్చగానే ఉంది. అన్నదమ్ములిద్దరూ, తవిటమ్మా చేతులు వెనక్కి కట్టుకుని కాపలా నిలబడ్డారు. అంతలో తవిటమ్మ పెంచుకుంటున్న నల్లకోడి అరుగెక్కి, అటూ ఇటూ చూసి, కేకు మీదికి ఎక్కింది. తవిటమ్మ దాన్ని తోలబోయింది.

"ఆగు. కోడి కేకును ముట్టుకుని ఉంది. ఇప్పుడు కోడిని ముట్టుకుంటే కేకును ముట్టుకున్నట్టే," అన్నాడు గవరయ్య.

"కరెంటు తీగలాగన్నమాట," అన్నాడు ఎర్రయ్య, అన్నయ్య తెలివికి మురిసిపోతూ.

అంతే. కోడి తీరిగ్గా తిన్నంత తిని, తిననంత కెలికి, దిగి వెళ్ళింది. అప్పటికి కేకు బాగా చల్లారింది. ఎవరూ ముట్టుకోలేదు.

రెండో కేకును గదిలో పెట్టి తలుపు వేసి చల్లార్చారు. తరువాత గవరయ్య కొత్త బ్రష్షు తీసుకుని పొడి దులపడం మొదలుపెట్టాడు. పూతకు ముందు గోడ దులపడంలో అతనికి సాటి లేదు. ఒకసారి దులిపాడు, పొడి రాలింది. మళ్ళీ దులిపాడు, మళ్ళీ రాలింది. ఇంత పొడిని కడుపులో పెట్టుకున్న కేకు మంచిది కాదని ఎర్రయ్య అనుమానపడ్డాడు. నలుసు ఉండగా వదిలితే చెల్లెలికి ఏం ముఖం చూపించాలని గవరయ్య పంతం పట్టాడు. ఇద్దరూ వంతులేసుకుని దులిపారు. చేటెడు పొడి పోగయింది. చివరికి రాలడం ఆగింది.

"ఇప్పుడు ఒక్క నలుసు లేదు," అన్నాడు గవరయ్య, నుదుటి చెమట తుడుచుకుని.

తవిటమ్మ వంగి చూసింది. "నలుసు లేదు సరే, కేకేది?"

అన్నదమ్ములు పళ్ళెం కిందా పైనా చూశారు. ఉత్త పళ్ళెమే మిగిలింది. అయినా ఎంత శుభ్రంగా ఉందో చూడమని, దీనికే పూత వేసేద్దామని ఎర్రయ్య అన్నాడు. గవరయ్య కొంచెంసేపు ఆలోచించాడు కూడా. కానీ పళ్ళెం కొరికితే చెల్లెలి పళ్ళు ఊడతాయని తోచి మానుకున్నాడు.

మిగిలింది ఒక్కటే కేకు. ఇది పోతే చెల్లెలు ఇక తీపి తినదు. ఈసారి గవరయ్య సరిగ్గా మూడు విదిలింపులతో దులిపి, వాడని కొత్త తాపీ మీద క్రీము తీసుకుని, చెయ్యి చాచి స్తంభంలా నిలబడ్డాడు. చెయ్యి కదలకూడదు, కేకే తిరగాలి. అంతే, ఎర్రయ్య పళ్ళెం ఎత్తుకుని అన్నయ్య చుట్టూ ప్రదక్షిణం మొదలుపెట్టాడు. చుట్టుకొక్కసారి కేకు వచ్చి తాపీకి తగిలి వెళ్ళేది. పదహారో చుట్టుకు ఎర్రయ్యకు కళ్ళు తిరిగాయి. కేకుకు ఒక పక్క మాత్రమే పూత అంటింది, మిగిలినదంతా ఎర్రయ్య చొక్కాకు అంటింది.

అతని తిరుగుడు చూడలేక తవిటమ్మ విసుక్కుంటూ పళ్ళెం లాక్కుని, తిరగలి రాతి మీద పెట్టి, పిండి విసిరినట్టు పిడి పట్టుకుని తిప్పింది. ఇంకేముంది. కదలని తాపీ కింద కేకు గుండ్రంగా తిరిగింది, పలచటి పూత చుట్టూ పరుచుకుంది. నలుసులన్నీ అందులో చిక్కుకున్నాయి. నీళ్ళకుండల పక్కన అరగంట ఉంచారు. ఊపిరి వేడి తగులుతుందేమోనని ముగ్గురూ ఒక్కొక్కరుగా ఊపిరి వదిలారు. ఆ పైన మందంగా రెండో పూత వేశారు. తాపీ ఎత్తాక చూస్తే కేకు పాలరాయిలా ఉంది. గవరయ్య గోడ నిలువు చూసే తూకం గుండు వేలాడదీసి నాలుగు వైపులా చూశాడు. ఎక్కడా వంకర లేదు.

సాయంత్రం అసిరమ్మ వచ్చింది. కేకు ముందు కూర్చుని, పళ్ళెం నెమ్మదిగా తిప్పి చుట్టూ చూసింది.

"ఆయన చేసినట్టే ఉందన్నయ్యా," అంది.

తవిటమ్మ చాకు అందించింది. అసిరమ్మ కోసింది. కోసినచోట గోధుమరంగు లోపలి భాగం బయటపడి, పొడి రాలింది. గవరయ్య గతుక్కుమన్నాడు. మాట ఇచ్చింది నలుసు కనబడనివ్వనని. చప్పున తాపీతో కోత మీద పూత వేసేశాడు. అసిరమ్మ ఇంకోచోట కోసింది. అక్కడా పూసేశాడు. ఆమె ఎలాగో ఒక ముక్క విడదీస్తే, దానికి అటు గవరయ్య, ఇటు ఎర్రయ్య పూతలు వేశారు. ముక్క ఇటుకంత అయింది. అసిరమ్మ పెదవులు అదిరాయి. ఏడుస్తుందేమోనని తవిటమ్మ భయపడింది. ఏడుపు కాదు. పదకొండు నెలల తరువాత ఆమె నవ్వుతోంది. మళ్ళీ తాపీ వచ్చేలోగా ముక్క కొరికి, కళ్ళు మూసుకుని, నెమ్మదిగా నమిలి మింగింది.

"అన్నయ్యా," అన్నాడు ఎర్రయ్య రహస్యంగా. "చెల్లి పెదవి మీద నలుసు."

అంతే. గవరయ్య ఎడమచేత్తో చెల్లెలి గడ్డం కదలకుండా పట్టుకుని, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా ఒక్క పెట్టున పూత లాగాడు. వెనక్కి జరిగి, ఒక కన్ను మూసి చూశాడు. అద్భుతంగా వచ్చింది.

ఆ తెల్లటి పూత వెనకనుంచి అసిరమ్మ నవ్వు ఆపుకోలేక, ఇంకో ముక్క పెట్టమని చెయ్యి చాచింది.

"అరగంట నోరు తెరవకమ్మా," అన్నాడు గవరయ్య, ఆమెను జాగ్రత్తగా నీళ్ళకుండల పక్కకు నడిపిస్తూ. "ఇది మొదటి పూతే."