ఖాళీ కాగితం మీది పొగ

పరంజ్యోతి మాస్టారిని ప్రశ్న అడిగినవాడికి జవాబు దొరకదు, పని దొరుకుతుంది. విశాఖపట్నం గాలిలోని సన్నని ధూళి దేనితో తయారైందో, ఎక్కడినుంచి వచ్చిందో తేల్చే పరిశోధనశాల ఆయనది. శిష్యులు ఈ అలవాటుకు చాటుగా విసుక్కునేవారు. ఆయన మాత్రం మార్చుకోలేదు.

ఒకనాటి సాయంత్రం శిష్యుడు గౌరినాయుడు వచ్చి, కూర్చోకుండానే అడిగాడు. "ఈ పొగ ఎవరిది మాస్టారూ? ఒక్క పేరు చెప్పండి చాలు."

నిజానికి ఆ పేరు అతను వెంట తెచ్చుకునే వచ్చాడు. కిందటి శీతాకాలం అతని భార్య సత్యవేణి ఉబ్బసంతో పోయింది. అప్పటినుంచి తన డాబా మీదే యంత్రం పెట్టి, తెల్లని వడపోత కాగితాల మీద వీధి గాలిని పట్టి పరీక్షిస్తున్నాడు. ప్రతి కాగితంలోనూ కట్టెపొగ జాడే ఎక్కువ. ఆ వీధిలో కట్టెలపొయ్యి ఉన్నది మలుపులో బజ్జీలు వేసే నూకాలమ్మకే. ఆమె బండి తీయించమని మర్నాడు అధికారులకు నివేదిక ఇవ్వబోతున్నాడు.

"ఏటి బాబూ, సత్తివేణమ్మ పోయిన కాడ్నుంచి ఇటేపు రావడమే మానేసినావు?" అని ఆమె పిలిచినా తల తిప్పుకుని పోయేవాడు. ఇంత ఊళ్లో తనను పిలిచి పలకరించే మనిషి ఆమె ఒక్కతేనని అతనికీ తెలుసు. అయినా ఇంటికి పోయి, కిటికీలు బిగించి, సత్యవేణి ఫొటో ముందు సాంబ్రాణి వేసి, ఒక్కడే కూర్చునేవాడు.

అతను చాపిన నివేదికను మాస్టారు ముట్టుకోలేదు. "ఖాళీ కాగితాలు పరీక్షించావా?" అన్నారు.

ఆ పరిశోధనశాలలో అదొక ఆచారం. ప్రతి కట్టలోనూ ఒక కాగితాన్ని డాబా మీదికి తీసుకుపోయి, యంత్రంలో పెట్టి, గాలి పీల్చనివ్వకుండానే వెనక్కి తేవాలి. దాని మీద ఏదైనా కనిపిస్తే అది వీధిది కాదు, మనది. మిగతా కాగితాల్లోంచి ఆ మేరకు తీసెయ్యాలి. గౌరినాయుడు ఖాళీ కాగితాలు తెచ్చాడు గానీ, వాటిలో చూసేదేముందని పక్కన పడేశాడు.

మాస్టారి మాట తీసెయ్యలేక నివేదిక ఆపి పరీక్షించాడు. ఖాళీ కాగితాల్లోనూ అదే కట్టెపొగ జాడ.

"కాగితాల పెట్టె ఎక్కడ ఉంచుతున్నావు?" అని అడిగారు మాస్టారు. జవాబు నోట్లోనే ఉండగా గౌరినాయుడికి సంగతి తట్టింది. పెట్టె ఉండేది సత్యవేణి ఫొటో కింది బల్ల మీదే. కట్టెనిప్పుల మీద వేసిన సాంబ్రాణి పొగ, కట్టెపొగ జాడతోనే, రోజూ కాగితాలన్నిటికీ పడుతూ వచ్చింది.

తన పొగ తాను తీసేసి లెక్క మళ్లీ వేశాడు. నూకాలమ్మ వాటా చిటికెడే తేలింది. లారీల మసి, రోడ్డు దుమ్ము, కాస్త సముద్రపు ఉప్పు ఉన్నాయి. అన్నిటికన్నా పెద్ద వాటా ఏ గొట్టంలోంచీ ధూళిగా వచ్చినది కాదు. వాహనాలు వదిలిన వాయువులు, మురుగుకాలవల్లోంచి లేచిన అమ్మోనియా చలిపొద్దున కదలని గాలిలో కలుసుకుని, అక్కడికక్కడే ధూళిగా మారాయి. అందులో గౌరినాయుడి మోటారు సైకిలు పొగ కూడా ఉండే ఉంటుంది.

సాయంత్రం ఆ లెక్క మాస్టారి ముందు పెట్టేసరికి అతనికి ఏడుపు ఆగలేదు. కోప్పడటానికి ఒక మనిషంటూ ఉన్నన్నాళ్లూ సత్యవేణి పూర్తిగా పోనట్టే ఉండేది. ఇప్పుడు ఆ కోపం కూడా చేతిలో లేకుండా పోయింది. "మరి నేనెవర్ని తిట్టుకోను మాస్టారూ? ఇంటికి పోయి ఏం చెయ్యను?" అన్నాడు.

మాస్టారు లేచి, లైట్లు ఆర్పి, చెప్పులు తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డారు.

"నూకాలమ్మ ఇంకా పొయ్యి ఆర్పి ఉండదు, పద. మా ఇంట్లోనూ దీపం పెట్టేవాళ్లెవరూ లేరు."