నీలిబాన దగ్గర

ఇలియాస్‌కి అన్నం సయించక చాలా కాలమైంది.

ఉప్పెన అతని అమ్మని, పడవని, పాకని ఒక్క పూటలో తీసుకుపోయింది. అప్పట్నించీ గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, కడుపులో ఎవరో తాడు బిగించినట్టుండేది. తిన్నది ఒకరోజు మంటై నిలిచేది, ఒకరోజు నీళ్ళై పోయేది. రానురాను గాలి లేనప్పుడూ ఆ బిగింపు వదల్లేదు. ఆఖరికి సముద్రం మీద వెన్నెల పరుచుకున్నా, తకియాలో ఫకీర్లందరూ గొంతెత్తి పాడినా, అతనికి ఏమీ అనిపించడం మానేసింది. అదే అతన్ని అన్నిటికంటే భయపెట్టింది.

ఇల్లు పోయాక అతను చేరిన ఆ తకియా, ఫకీర్లుండే చోటు, బందరు దగ్గర, సముద్రపొడ్డున. గురువు బురాన్ షా. ఆయనా, శిష్యులూ నీలం అంగీలే తొడుక్కుంటారు. ఆ నీలం అక్కడే అద్దుకుంటారు.

"బాబా," అన్నాడు ఇలియాస్ ఒక ఉదయం. "హకీం కడుపులో జబ్బన్నాడు. మసీదులో పెద్దాయన మనసులో జబ్బన్నాడు. నేను దేనికి మందు మింగాలి?"

వంట చూసే ముసలి ఫకీరు జమాల్ గంజిగిన్నె తెచ్చి అతని ముందు పెట్టాడు. "ముందు ఇది తాగు. రోజూ నువ్వు గంజిని చూస్తావు, గంజి నిన్ను చూస్తుంది. ఎన్నాళ్ళయ్యా ఈ పెళ్ళిచూపులు?"

బురాన్ షా నవ్వాడు. అరచెయ్యి ఇలియాస్ పొట్టమీద కాసేపు ఆనించి ఉంచాడు. తర్వాత లేచి, "రా, రంగుబాన చూసుకో. ఈసారి ఉరుసుకి అంగీలు నువ్వే అద్దాలి," అన్నాడు.

తకియా వెనక, మెడదాకా ఊకలో పాతిన పెద్ద బాన అది. అందులో నీలిమందు, సున్నపు తేట, ఉడకబెట్టిన తగిరస గింజలు. అవన్నీ పులిసి లోపల ఏదో ప్రాణం పుడుతుంది. అది పుడితేనే గుడ్డకి రంగు ఎక్కేది.

"రోజుకోసారి తిండి పెట్టు, కాసిని బెల్లం నీళ్ళు. మెల్లగా ఒక్కసారి తిప్పి మూత పెట్టు. వెచ్చగా ఉంచు. అంతే," అన్నాడు గురువు.

ఇలియాస్‌కి ఆ 'అంతే' చేతకాలేదు. చచ్చిపోయిందేమోనని మూత తీసేవాడు. అడుగున పేరుకుందేమోనని కర్రతో గిలకొట్టేవాడు. గాలి వీస్తే మళ్ళీ పరిగెత్తేవాడు.

ఉరుసు దగ్గరకొచ్చింది. మొదటి అంగీ ముంచి తీస్తే బూడిదలా వచ్చింది. నీళ్ళలో జాడిస్తే ఆ బూడిదా పోయింది.

తడిగుడ్డతో వచ్చి గురువు కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "చంపేశాను బాబా. వెళ్ళిపోతాను నేను. నేనెక్కడుంటే అక్కడ రంగుండదు."

"గుడ్డలో ఏమైనా లోపముందా?"

"లేదు బాబా. మంచి గుడ్డ."

"అయితే పద."

బురాన్ షా బాన ముందు కూర్చున్నాడు. పసిబిడ్డకి ఉగ్గు పోసినట్టు కాసిని బెల్లం నీళ్ళు పోశాడు. మూత పెట్టి, భుజం మీది కంబళి తీసి దాని మెడకి చుట్టాడు. కర్ర తెచ్చి ఇలియాస్ ఒళ్ళో పెట్టాడు.

"ఇప్పుడేం చెయ్యాలి బాబా?"

"కూర్చోవాలి."

గాలి లేచింది. సరుగుడు చెట్లు హోరుమన్నాయి. ఇలియాస్ చెయ్యి కర్ర మీద బిగుసుకుంది. ఆ చేతి మీద బురాన్ షా తన చెయ్యి వేశాడు. గాలి పోయింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ పోయింది.

అలా కొన్నాళ్ళు కూర్చున్నారు. జమాల్ గంజి అక్కడికే తెచ్చేవాడు. గురువు తాగుతుంటే ఇలియాస్ కూడా తాగేవాడు, తాగుతున్నానని తెలియకుండానే.

ఉరుసు ముందురోజు పొద్దున బురాన్ షా మూత తీశాడు.

పైన రాగిలా మెరిసే నురగ. కింద నీళ్ళు నీలంగా లేవు. ఎండ పడిన లేత అరటాకులా ఉన్నాయి! ఆయన తన తలగుడ్డ విప్పి ముంచి, పైకెత్తాడు. అదీ ఆకుపచ్చగానే వచ్చింది. ఆ సముద్రపు గాలి దాన్ని తాకింది. అంతే, ఎవరూ ఏమీ చెయ్యకుండానే, ఓ అంచునించి నీలం మెల్లమెల్లగా పాక్కుంటూ వచ్చింది, ఆకాశం తెల్లవారుతున్నట్టు.

ఇలియాస్ ఊపిరి తీసుకోవడం మర్చిపోయాడు. "ఎవరు బాబా? ఎవరు చేశారిది?"

"లోపలున్నవాళ్ళు. కంటికి ఆనరు. కోట్లమంది. నువ్వు కర్ర పెట్టినప్పుడల్లా ఉలిక్కిపడేవాళ్ళు. అలా ఉలిక్కిపడుతూ ఎవరు మాత్రం పని చేస్తారు నాయనా?"

ఇలియాస్ చెయ్యి మెల్లగా తన పొట్టమీదికి పోయింది. చాలాసేపు అక్కడే ఉంది.

తర్వాత అన్నాడు, "జమాల్ చాచా, గంజి ఉందా?"

జమాల్ నవ్వుతూ ఏదో అనబోయాడు. బురాన్ షా తన పెదవి మీద వేలు పెట్టి అతన్ని ఆపాడు.

గుడ్డ మీద నీలం ఇంకా చిక్కబడుతోంది.