మడతలో మారిన ముఖం

వినండి పిల్లలూ. చాలాకాలం కిందట మణికంధరుడనే రాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కత్తి బాగా తిప్పేవాడు. రెండోవాడు మాటలు బాగా చెప్పేవాడు. మూడోవాడు చిత్రరథుడు బొమ్మలు గీసేవాడు. వాణ్ణి చూసినప్పుడల్లా రాజుకు దిగులు.

ఏడు సముద్రాల అవతల శంఖద్వీపంలో ప్రచండకేతుడనే మాంత్రికుడు అక్కడి రాజును రాయిగా మార్చి సింహాసనం ఎక్కాడు. ఆ ద్వీపాన్ని విడిపిస్తానని పెద్దవాడు కత్తితో వెళ్లి రాయి అయ్యాడు. రెండోవాడు మాటలతో వెళ్లి రాయి అయ్యాడు. చిత్రరథుడు తానూ వెళ్తానన్నాడు.

"బొమ్మలతోనా?" అన్నాడు రాజు. కానీ పంపడానికి ఇంకో కొడుకు లేడు.

సముద్రపు ఒడ్డున ఒక ముసలి తాబేలు కనిపించింది. నా బొమ్మ గీసిస్తే ఏడు సముద్రాలూ దాటిస్తానంది. చిత్రరథుడు మెడ మీది ముడతలతో సహా గీశాడు. తాబేలు చూసుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది.

"మా అమ్మ కూడా నాకు ఇంత నిజం చెప్పలేదు నాయనా" అంది.

దారిలో అది ఒక రహస్యం చెప్పింది. మాంత్రికుడి ప్రాణం కోటలోని చిలుకలో ఉంది. ఆ చిలుక జనమంతా కలిసి అన్నదే పలుకుతుంది. ఒక్కసారి నవ్వు నేర్చిందంటే వాడి ప్రాణం ఎగిరిపోతుంది. అందుకే ఆ ద్వీపంలో నవ్వినవాళ్లను వాడు రాళ్లు చేస్తాడు.

శంఖద్వీపంలో ఒక ఆచారం పెట్టారు. మాంత్రికుడి ముఖం అద్దిన ఉత్తరీయాన్ని మడతపెట్టి భుజాన వేసుకుని, రోజూ పొద్దున్నే జనమంతా చిలుక ముందు జయజయ అనాలి. ఆ బట్టలు అద్దే శాలలో, రాయైపోయిన రాజు కూతురు కుందలత పనిచేసేది. చిత్రరథుడు అక్కడ చెక్క అచ్చులు చెక్కే పనికి కుదిరి, తానెవరో, ఎందుకొచ్చాడో ఆమెకు చెప్పాడు. చిలుక పంజరం చుట్టూ భటులుంటారని, ఎవరి చెయ్యీ అక్కడిదాకా పోదని ఆమె చెప్పింది.

అంతలో మాంత్రికుడికి కొత్త ముఖం కావాలనిపించింది. చిత్రరథుడు ఉన్నదున్నట్టు చెక్కి చూపించాడు. కళ్లలో తేజస్సు లేదన్నాడు మాంత్రికుడు. చిత్రరథుడు కళ్లు పెద్దవి చేశాడు. నోట్లో గాంభీర్యం లేదన్నాడు. నోరు వెడల్పు చేశాడు. కిరీటం చాలదన్నాడు. కిరీటం ఎత్తు పెంచాడు. బల్ల మీద పరిచిన బట్ట చూసి మాంత్రికుడు మురిసిపోయాడు. ఊరందరికీ అదే అద్దమన్నాడు.

మడతలు ఎక్కడ పడతాయో కుందలతకు తెలుసు. ముందే ఆమె గుర్తులు పెట్టింది, అతను ఆ గుర్తుల ప్రకారం చెక్కాడు. మాంత్రికుడు వెళ్లాక ఆమె బట్టను మడిచి భుజాన వేసుకుంది. కిరీటం, ముక్కు మడత లోపలికి పోయాయి. కనుగుడ్లూ నోరూ పైన మిగిలాయి. అచ్చం కప్ప.

చిత్రరథుడు మాత్రం నవ్వలేదు. "మొదట నవ్వినవాళ్లు రాయైపోతారు" అన్నాడు.

"మొదట నేను నవ్వుతాను. మా నాన్న పక్కనే నిలబడతాను, అంతేగా" అంది కుందలత.

కొత్త ఉత్తరీయాలు ఊరందరికీ అందిన మర్నాడు తెల్లవారింది. జనం చిలుక పంజరం ముందు బారులు తీరి నిలబడ్డారు. అందరి భుజాల మీదా కప్పలు. ఎవరూ తల ఎత్తడం లేదు. కుందలత ముందుకొచ్చి మాంత్రికుణ్ణి చూసింది, తన భుజం చూసుకుంది, ఫక్కున నవ్వింది. మాంత్రికుడు మంత్రదండం ఎత్తాడు. ఆమె పాదాలు రాయయ్యాయి. మోకాళ్లు రాయయ్యాయి. చిత్రరథుడు పరుగున వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని, భయంతోనే నవ్వడం మొదలుపెట్టాడు.

వెనక వరసలో పేరమ్మ అనే అవ్వ ఉత్తరీయపు కొంగు నోట్లో కుక్కుకుంది. కొంగు లాగేసరికి భుజం మీది కప్ప నోరు తెరిచింది.

"ఇక నా వల్ల కాదే తల్లీ" అని అవ్వ పగలబడి నవ్వింది. పక్కవాళ్లు నవ్వారు. వాళ్ల పక్కవాళ్లు నవ్వారు. చివరికి పంజరం దగ్గరి భటులూ నవ్వారు. దండం ఎవరి వైపు తిప్పాలో మాంత్రికుడికి తెలియలేదు.

చిలుక మెడ వంచి వింది. తర్వాత కికికి అని నవ్వింది.

మాంత్రికుడు ఖాళీ గోనెసంచిలా కూలాడు. కుందలత కాళ్లు కదిలాయి. రాళ్లన్నీ మనుషులయ్యాయి. శంఖద్వీపపు ముసలి రాజు తన కూతురికి చిత్రరథుడితో పెళ్లి చేసి రాజ్యం అప్పగించాడు. అన్నలిద్దరూ పెళ్లిలో కడుపారా తిన్నారు.

చిత్రరథుడు రాజైన ఏడాది, ఎవరో కోటగోడ మీద బొగ్గుతో అతని బొమ్మ గీశారు. చెవులు చేటలంత. భటులు సున్నం తెచ్చి చెరిపేయబోయారు. రాజు వాళ్లను ఆపి, కాసేపు బొమ్మను చూసి, రాణిని పిలిచి, అచ్చం తనలాగే ఉందా అని అడిగాడు. ఎడమ చెవి ఇంకాస్త పెద్దదని ఆమె చెప్పింది. రాజు బొగ్గు తీసుకుని దిద్దాడు. ఆ తర్వాత వాళ్లిద్దరూ ముసలివాళ్లయ్యేదాకా ఆ రాజ్యాన్ని చల్లగా ఏలారు. ఆ గోడకు మాత్రం ఎవరూ సున్నం వెయ్యలేదు.