మొదటి ముద్ద

పిల్లలూ, ఈ కథలో ఏ రాణి ముందో, ఏ రాణి తర్వాతో నేను తారుమారు చేసినా చేస్తాను. జరిగింది మాత్రం గుర్తుంది.

అనగా అనగా, సముద్రాలకు ఆవల, ఆఫ్రికా దక్షిణాన పచ్చని కొండల నడుమ, స్వాజీ ప్రజలను మవేలా అనే రాజు పాలించేవాడు.

ఆ రాజ్యంలో రెండు కట్టుబాట్లు. కొత్త పంటను రాజు రుచి చూశాకే ప్రజలు తినాలి. రాజు తన వారసుణ్ణి తాను ఎంచకూడదు. ఆయన పోయాక పెద్దలు తల్లి గుణం చూసి కొడుకును ఎంచుతారు.

సరిగ్గా గుమ్మడికాయలు పండే వేళకు మవేలా కన్నుమూశాడు. పాత జొన్నలు గాదెల అడుక్కు చేరాయి. తీగల నిండా కాయలున్నాయి, రుచి చూడడానికి రాజు లేడు. ఇంటింటా పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు.

మవేలాకు ముగ్గురు రాణులు, ఒక్కొక్కరికి ఒక్కో కొడుకు. రాజుగారి పినతండ్రి మగాబి, పెద్దలను వెంటబెట్టుకుని బయలుదేరాడు.

మొదటి రాణి లామసేకో ఇంట్లో కొడుకు కొత్త గుమ్మడికాయ తింటున్నాడు.

"రేపు రాజయ్యేది వీడే కదా మామగారూ. ఒకరోజు ముందు తింటే ఏం?" అంది రాణి.

కంచె అవతల పిల్లలు గుటకలు మింగుతూ చూస్తున్నారు. మగాబి లేచి బయటికి నడిచాడు.

రెండో రాణి లాఫకూజే కొడుక్కి పెట్టలేదు. పెద్దల ముందే ఉడికిన గుమ్మడి ముక్కలు పెట్టింది.

"తినండి. తిని మా వాణ్ణి తలుచుకోండి."

ఒక పెద్దాయన చెయ్యి చాచాడు. "నువ్వెప్పుడు రాజువయ్యావు బావా?" అన్నాడు మగాబి. చెయ్యి వెనక్కి వచ్చింది.

మూడో రాణి లాత్వాలా వాకిట్లో లుసీతో అనే ఆమె కొడుకూ, పనివాళ్ల పిల్లలూ ఒకే కుండ చుట్టూ కూర్చుని జొన్నగంజి తాగుతున్నారు. ఆమె కుండ గీకి పెద్దలకూ పోసింది.

"ఇదేం గంజి కోడలా, ఇందులో నా ముఖం కనిపిస్తోంది. ఆ పండిన గుమ్మడికాయ కోయరాదూ?" అన్నాడు మగాబి.

"దాన్ని కోసే హక్కు మీకూ లేదు, నాకూ లేదు. త్వరగా ఎవరినో ఒకరిని రాజును చేయండి మామగారూ. నా కొడుకే కానక్కర్లేదు. రేపు ఈ పిల్లలకు ఈ గంజి కూడా ఉండదు."

"నీ కొడుకు కాకపోతే నీకు బాధ ఉండదా?"

"ఎందుకుండదు? అది తర్వాత పడతాను. ముందు వీళ్లు తినాలి."

మగాబి గంజిని చివరి చుక్క దాకా తాగాడు.

ఆ రోజే లాత్వాలా కొడుకును రాజును చేశారు. అతడు మొదటి ముద్ద తిన్నాడో లేదో, ప్రతి ఇంటి మీదా పొగ లేచింది. లాత్వాలాను జనం ఏనుగుతల్లి అన్నారు; అక్కడ రాజమాతను అలాగే పిలుస్తారు. ఆమె మాట వినే రాజు గొప్ప రాజయ్యాడు.

తన బిడ్డ ఆకలిలో అందరి బిడ్డల ఆకలినీ చూసే తల్లి పెంచినవాడే రాజ్యానికి తగినవాడు.

వకుళా, పిల్లలకు ఈ కథ చదివి వినిపించే ముందు ఆ రాణుల పేర్లు సరిగ్గా రాశానో లేదో ఒకసారి చూడు తల్లీ.