కోదండపాణి మాస్టారి ప్రాక్టికల్

ఎవరేం అడిగినా కోదండపాణి మాస్టారు వెంటనే జవాబు చెప్పేవారు కారు. "చూద్దాం" అనేవారు. తర్వాత ఆలోచించి చెబుతానని కాదు ఆ మాటకి అర్థం, కళ్లతోనే చూద్దామని. ఆయన దగ్గర కెమిస్ట్రీ చదువుకున్న సుభాషిణికి ఈ సంగతి బాగా తెలుసు. అయినా ఆ సాయంత్రం సముద్రపొడ్డున ఆయన పక్కన నడుస్తూ, జవాబు కావాలన్నట్టే అడిగింది.

"వృథా తగ్గిస్తుంటే చదువు కూడా తగ్గిపోతోంది మాస్టారూ. రెండూ ఒకచోట కుదరవా?"

ఆయన రిటైరైన ఏడాదే ఆమె అదే కాలేజీలో లెక్చరర్‌గా చేరింది. తాను చదువుకున్న ల్యాబే తన చేతికొచ్చింది. గుమ్మంలోనే ముక్కుకి తగిలే అమ్మోనియా ఘాటు, ఆమ్లం తిన్న మచ్చలతో నల్లబడ్డ టేకు బల్లలు, ఉప్పుగాలికి ఎంత తుడిచినా తుప్పు పట్టే ఇనుప స్టాండ్లు, కిటికీ అవతల అలల హోరు. తన జుట్టు నెరిసిన ఈ రోజుల్లో కూడా ఎక్కడైనా అమ్మోనియా వాసన తగిలితే సుభాషిణికి ముందు గుర్తొచ్చేది ఆ గదీ, ఆ ఏడాదీ.

ఆ ఏడాది కాలేజీకి రసాయనాలు తక్కువగా వచ్చాయి. వృథా తగ్గించమన్నారు ప్రిన్సిపాల్. సుభాషిణి ఒక నియమం పెట్టింది: మనిషికి ఒక్క బ్యూరెట్ గాజుగొట్టం నిండా కాస్టిక్ సోడా, అంతే. పాడుచేసుకుంటే మళ్లీ పోసేది లేదు. సీసాలు మిగిలాయి. స్టాఫ్ మీటింగులో అందరి ముందూ మెచ్చుకున్నారు కూడా. ఆ సంతోషం ఆమెకి ఎన్నాళ్లో నిలవలేదు. గంగరత్నం అని, జాలరిపేట నుంచి వచ్చే అమ్మాయి, పక్కపిల్ల రీడింగు చూసి ఎక్కించుకుంటూ దొరికింది. నిలదీస్తే ఆ పిల్ల తలెత్తకుండా, "నాది పాడైపోయింది మేడమ్. మళ్లీ పొయ్యరు కదా" అంది. సుభాషిణి ఆమెని బయటికి పంపేసింది. పంపిందే గానీ, ఆ మాట చెవిలోంచి పోలేదు.

మాస్టారు అంతా విన్నారు. "చూద్దాం. రేపు ప్రాక్టికల్ ఉందా? ఆ అమ్మాయిని కూడా రానీ" అన్నారు.

మర్నాడు చెప్పిన వేళకే వచ్చారు. పిల్లలందరూ లేచి నిలబడ్డారు. ఆయన నేరుగా వెళ్లి గంగరత్నం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు. "ఈవేళ నేనూ స్టూడెంట్‌నే మేడమ్. అందరికీ ఏ రూలో నాకూ అదే" అన్నారు. పిల్లలు నవ్వుకున్నారు. సుభాషిణి నవ్వలేకపోయింది.

ముందు ఆక్జాలిక్ ఆమ్లం తూచుకోవాలి. ఉన్నది ఒక్కటే త్రాసు, అదీ గది చివర. ఆయన వరసలో నిలబడ్డారు. "మీరు ముందు కానివ్వండి మాస్టారూ" అని పిల్లలు తప్పుకోబోతే వద్దన్నారు. ఆ వయసులో గోడకి చెయ్యి ఆనించి అలాగే నిలబడ్డారు. తూచుకున్నాక డిస్టిల్డ్ వాటర్ కోసం ఇంకో మూలకి నడిచారు. అక్కడా వరసే. ఆమ్లం కొలిచి తీసే పిపెట్లు బీరువాలో ఉన్నాయి, బీరువా తాళం సుభాషిణి దగ్గర ఉంది, ఆమె ఎవరికో ఏదో చూపిస్తోంది. ఆయన పక్కన నిలబడి ఎదురుచూశారు. తాళం చెవి ఇస్తున్నప్పుడు ఆమె ఆయన మొహంలోకి చూడలేకపోయింది. అన్నీ చేరి బ్యూరెట్ బిగించేసరికి గంట కొట్టే వేళ కావచ్చింది. ఆయన తొందరపడ్డారు. చుక్క చుక్కగా వదలడం సుభాషిణికి నేర్పిన చెయ్యి ఆ వేళ ధారగా వదిలేసింది. గాజు ఫ్లాస్కులో ఆమ్లం, ఆగవలసిన లేత గులాబీ రంగు దాటిపోయి, ఒక్కసారిగా ముదురు గులాబీకి తిరిగిపోయింది.

ఆయన ఫ్లాస్కు పైకెత్తి చూపించారు. "పాడైపోయింది మేడమ్. ఇంకాస్త పోస్తారా?"

గదంతా ఆమె వైపే చూసింది. పోస్తే రూలు పోతుంది, పొయ్యకపోతే ఆయన్ని కాదన్నట్టవుతుంది. అప్పుడు గంగరత్నం, "నా వంతు ఆయనకి పోసెయ్యండి మేడమ్. నేనింకా మొదలెట్టనే లేదు, నీళ్ల కాడే ఉండిపోయాను" అంది. అంతలో గంట కొట్టారు. మాస్టారు తన గాజుసామాను కడిగి, బల్ల తుడిచి వెళ్లిపోయారు.

పిల్లలు వెళ్లాక సుభాషిణి ఖాళీ ల్యాబులో చాలాసేపు అటూ ఇటూ నడిచింది. బల్ల దగ్గర్నుంచి త్రాసుకి, త్రాసు దగ్గర్నుంచి నీళ్లకి, నీళ్ల దగ్గర్నుంచి బీరువాకి. తానూ ఈ గదిలోనే చదువుకుంది, ఈ నడకంతా నడిచింది. అప్పుడు వయసులో ఉండి ఆ దూరం తెలియలేదు. మర్నాడు త్రాసుని గది మధ్యకి జరిపించింది. బల్లకో నీళ్ల సీసా పెట్టింది. క్లాసు మొదలవకముందే పిపెట్లు బయటికి తీసి ఉంచింది. అవి కూడా పెద్దవి మానేసి చిన్నవి తెచ్చింది. ఆమ్లం తగ్గితే ఒక్కొక్క ప్రయత్నానికి కాస్టిక్ సోడా కూడా కొంచెమే ఖర్చవుతుంది కనక, అదే బ్యూరెట్ నిండుతో పిల్లలు మళ్లీ మళ్లీ చేసుకోవచ్చు.

తర్వాతి ప్రాక్టికల్‌కి గదిలో అడుగుల చప్పుడు వినపడలేదు. అందరూ ఎవరి బల్ల దగ్గర వాళ్లే ఉన్నారు. గంగరత్నం ఒకసారి పాడుచేసింది, ఇంకోసారి కూడా పాడుచేసింది. మూడోసారి ఊపిరి బిగబట్టి చుక్కలు వదిలింది. ఫ్లాస్కులో గవ్వ లోపలి రంగు లాంటి లేత గులాబీ వచ్చి నిలిచింది. ఆ పిల్ల ఎవర్నీ పిలవలేదు. ఫ్లాస్కుని వెలుతురులో పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

మాస్టారు ఎప్పుడొచ్చారో గుమ్మంలో నిలబడి ఉన్నారు. సుభాషిణి ఎదురెళ్లి సంతోషంగా అంతా చెప్పింది. కాస్టిక్ సోడా వెనకటికంటే ఎక్కువేమీ అవలేదనీ, గంట కొట్టకముందే అందరూ ముగించారనీ చెప్పి, గంగరత్నం పాడుచేసి, సామాను కడిగే తొట్టి పక్కన పెట్టిన ముదురు రంగు ఫ్లాస్కులు చూపించింది. "అవే కాస్త వృథా అయ్యాయి మాస్టారూ. వచ్చే వారానికి అదీ లేకుండా చేస్తాను."

మాస్టారు ఆ ఫ్లాస్కుల వైపు చూడలేదు. ఇంకా వెలుతురులోకే చూస్తున్న గంగరత్నాన్ని చూశారు.

"వృథా అన్న మాట నువ్వనకమ్మా, ఆ పిల్లని అననీ" అన్నారు.